ఆఖరి డబ్బా

ముప్పై నాలుగేండ్లు గూడ్సు బండి గార్డుగ చేసిన.
రామగుండం బొగ్గు ఎనుక, బల్లార్షా దాకా,
అన్నిటికన్న ఆఖరి డబ్బాల ఒక్కణ్ణే.
పచ్చజెండ, ఎర్రదీపం, సద్ది గిన్నె.
ముందట ఇంజను కూస్తె సగమే వినవడేది.

అట్లాంటోణ్ణి, రిటైరయినంక
కాజీపేట గుడిల ముందు బెంచీ నాదే అన్న.
ఓ ఆదివారం పసిపిల్ల తల్లి అండ్ల కూసుంటె
పక్కన నిలవడి దగ్గిన. లేచిపోయింది.

బెంచీ మీది ఫ్యాను నేనిచ్చిందే.
మూడు రెక్కల మీద రాయించిన:
గార్డు. శౌరయ్య. కానుక.
తిరుగుతున్నంత సేపు పేరు కనవడది.
కరెంటు పోయి అందరు చెమటల తడుస్తుంటె
సాఫుగ కనవడతది.
ఈ సంగతి నాకు ఆరేండ్లకు గాని సమజ్ గాలె.

పెద్ద గురువారం.
ఫాదర్ పన్నెండు మంది కాళ్ళు కడిగే రోజు.
లిస్టుల మొదటి పేరు నాదుండాలన్న, ఉన్నది.
ఇంట్లనే గోర్లు తీసి, సున్నిపిండి రుద్ది,
కొబ్బరినూనె రాసుకుని పోయిన,
కడగనీకి ఏం మిగలకుండ.

అటు చివర చిన్నప్ప.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల హమాలి.
యార్డుల నుంచి సీదా వచ్చిండు,
అంగీ దులుపుకున్నడు గాని కాళ్ళ సంగతి మర్చిండు.

ఫాదర్ మొన్ననే స్కూటరు మీదికెల్లి పడ్డడు.
మోకాలు వంగుత లేదు.
చెంబు నా చేతిల పెట్టి
"గార్డు సారూ, మీరే కడుగుండ్రి" అన్నడు.
నా కాళ్ళు ఇంక తడవనే లేదు.

పది మందివి కడిగిన,
డ్యూటీ బుక్కుల సంతకం పెట్టినట్టు.
చిన్నప్ప పాదాలు ఎనుకకు గుంజుకున్నడు.
"వద్దు సారు. కారం."
అందరు చూస్తున్నరు గద, నేను వదలలె.
మడిమెలల్ల పగుళ్ళు, పగుళ్ళ నిండ ఎర్రపొడి,
పళ్ళెంల నీళ్ళు పులుసు రంగయినయి.
లెక్క అలవాటైన బుర్ర గద,
ఎన్ని వ్యాగన్ల మిర్చి
ఈ రెండు పాదాల మీద నడిచిందోనని ఎంచవోయి
మధ్యల తప్పిపోయిన.

చెమట పట్టి కండ్లు తుడుసుకున్న, ఆ చేత్తోనే.
ఇగ చూడు, ధారలు.
ఎనుక బెంచీలల్ల ఆడోళ్ళు ముక్కు చీదిండ్రు.
"ఎంత భక్తి" అన్నరెవరో.
మిర్చి అని నేను చెప్పలె.
దేవా, ఆ మాట బెల్లం లెక్క తగిలింది.
మోకాళ్ళ మీదున్నోనికి కూడ
కొమ్ములు మొలుస్తయని ఆ పొద్దే చూసిన.

చిన్నప్పకు తెలుసు. వంగి, నా చెవికాడ,
"పెరుగు రాయుండ్రి సారు, మంట దిగుతది."

రాత్రంత పెరుగు గిన్నెల వేళ్ళు ముంచుకుని
డీజిల్ కాలనీల మెట్ల మీద కూసున్న.
ఒక గూడ్సు పోయింది. లెక్కవెట్టలె.

తెల్లారి వాళ్ళింటికి పోయిన.
శుక్రవారం గద, ఒక్క పూటే.
రాయమ్మ గట్క పోసి మామిడి తొక్కు పెట్టింది,
నాకు గిన్నెల, ఆయనకు మూతల.
"దినానికి ఎన్ని బస్తాలు మోస్తవ్?" అన్న.
"లెక్క సంఘపోళ్ళు రాస్తరు సారు.
రాత్రి నిద్ర పడితె, ఆ దినం నాకు సరిపోయినట్టే."
నిన్నటిది ఏడుపు గాదు, కారమని చెప్పిన.
నవ్విండు. "నాకెందుకు చెప్తరు,
ఏడుపనుకున్నోళ్ళకు చెప్పుండ్రి."
ఈస్టరు పోయింది. ఇంకా చెప్పలె.

ఆఖరి డబ్బా దాటితేనే
స్టేషన్ మాస్టరు బండి మొత్తం వచ్చిందని రాసుకునేది.
ఇది తెలిసీ మర్చినోణ్ణి.
ఇప్పుడు చెప్పుల గూటి పక్కన ఎనుక బెంచీల కూసుంటున్న.
పసిపిల్ల తల్లి ఫ్యాను కింద కూసుంటది, పిల్ల నిద్రపోతది.
ఎర్రదీపం లేదు గాని
వేళ్ళు ఇంకా కొంచెం ఎర్రగనే ఉన్నయి.
ఈ బెంచీ గూడ నాదే అనకుండ
చూడు, దేవా.